పాత ఆటో ట్రయల్: చల్లటి ఇంజన్ నుంచి కొండ ఎక్కేదాకా ఏ వరుసలో ఏం చూడాలి

పాత ఆటో కొనే ముందు ట్రయల్ ఎలా వేయాలని మా ఒడిశా సరిహద్దు ఊళ్లు పర్లాకిమిడిలో, కాశీనగర్‌లో, గుణుపురంలో తెలిసినవాళ్లు తరచూ అడుగుతుంటారు. చాలామంది చేసేది ఒకటే. అమ్మేవారి ఇంటి ముందు బండి ఎక్కుతారు, వీధి చివరిదాకా వెళ్లి తిరిగి వస్తారు, "పికప్ బాగుంది" అంటారు. ఆ అర కిలోమీటరులో తెలిసే లోపాలు రెండో మూడో. మిగిలినవి ముగ్గురిని ఎక్కించుకుని ఎత్తు ఎక్కిన రోజున బయటపడతాయి. అప్పటికి డబ్బు చేతులు మారిపోయి ఉంటుంది.

నాకు అదే జరిగింది. నేను వెళ్లేసరికి బండి స్టార్ట్ చేసి వాకిట్లో సిద్ధంగా ఉంచారు. మర్యాద అనుకున్నాను. కొన్న నాలుగో రోజున ఆర్. ఉదయగిరి వైపు కొండదారిలో, వెనుక ముగ్గురు ఉండగా, ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. కాలిన గోనెసంచి వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. ఆ మర్నాడు పొద్దున్నే పొగ గమనిస్తే అది నీలంగా ఉంది. ఇంజన్ లోపలి పిస్టన్ రింగులు కూడా పోయాయన్నమాట. ముందే వెచ్చబెట్టి ఉంచిన ఇంజన్‌లో ఆ పొగ నాకు కనిపించలేదు.

కింద రాసినది పెట్రోలు, డీజిల్ ప్యాసింజర్ ఆటోలకు. గూడ్స్ ఆటోకూ వరుస ఇదే, మనుషులకు బదులు బస్తాలు వేయాలి. మొత్తం పనికి రెండున్నర గంటలు పడుతుంది. అంత సమయం ఇవ్వనంటే ఆ బండి వదిలేయండి.

1. ముందు రోజు ఫోనులో తేల్చుకోవలసినవి

మొదట బండి నంబరు అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, ఫిట్‌నెస్ గడువు, బీమా గడువు కనిపిస్తాయి. నంబరు మొదట్లో ఉండే ఒడిశా గుర్తు చూస్తే జిల్లా తెలుస్తుంది: ఓడి 20 గజపతి జిల్లాది, ఓడి 18 రాయగడది, ఓడి 07 గంజాంది, ఓడి 10 కోరాపుట్‌ది. ఒడిశా పాత గుర్తు ఓఆర్‌తో మొదలైతే పదేళ్లు ఎప్పుడో దాటిన బండి అని అర్థం.

ఫిట్‌నెస్ గడువును తేలిగ్గా తీసుకోకండి. బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. గడువు దాటి ఆరు నెలలైందంటే బండి ఊరికే పడి ఉందని గానీ, తనిఖీకి నిలబడలేని స్థితిలో ఉందని గానీ అనుమానించాలి.

తర్వాత ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పండి: "బాబూ, రేపు పొద్దున్న ఏడింటికి వస్తాం. మేం వచ్చేదాకా దయచేసి బండి స్టార్ట్ చేయకండి." ఒడియా మాట్లాడేవారైతే ఒడియా వచ్చినవారితోనే ఈ మాట చెప్పించండి. సగం అర్థమైన మాట దగ్గరే తగవులు మొదలవుతాయి.

ఫోనులోనే ఒప్పుకోవలసినవి ఇంకో మూడున్నాయి. ట్రయల్ ఏ దారిలో, సుమారు ఎన్ని కిలోమీటర్లు? ఎవరెవరు నడుపుతారు? ట్రయల్‌లో గీత పడినా, టైరు పంక్చరైనా ఖర్చు ఎవరిది? మూడోదాని గురించి ముందుగా మాట్లాడుకోవడానికి అందరూ మొహమాటపడతారు. మొహమాటం వద్దు.

వెంట తీసుకెళ్లవలసినవి:

- టార్చి లైటు, పాత తెల్ల గుడ్డ, ఒక అట్టముక్క
- పెన్సిలు, పలుచటి తెల్ల కాగితం
- టైర్ల గాలి చూసే గేజి
- మీరు కాక మరో ఇద్దరు పెద్దవాళ్లు, వారిలో ఒకరు ఆటో మెకానిక్ అయితే మేలు
- మీ డ్రైవింగ్ లైసెన్సు

డబ్బు మాత్రం తీసుకెళ్లకండి. జేబులో డబ్బుంటే కన్ను లోపాలను చూడనివ్వదు.

2. చట్టం వైపు నుంచి ట్రయల్‌కు బండి సిద్ధమా?

బైకు లైసెన్సు ఒక్కటే ఉన్నవారు ఆటో నడపకూడదు. లైసెన్సు లేకుండా నడిపినవారికి 5,000 రూపాయల జరిమానా, అలాంటివారికి బండి ఇచ్చిన యజమానికి మరో 5,000. మీకు తగిన లైసెన్సు లేకపోతే ఉన్నవారిని వెంట తీసుకెళ్లి వారితో నడిపించండి, మీరు వెనుక కూర్చోండి.

బీమా గడువులో లేని బండిని రోడ్డు ఎక్కించవద్దు. "పక్క వీధిదాకానే కదా" అన్న మాటకు లొంగకండి. మనిషికి దెబ్బ తగిలితే పరిహారం ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది.

మనవైపు ప్రత్యేకంగా చూసుకోవలసినది సరిహద్దు. పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. రోజూ నడిచి దాటే ఊరు కనుక వేరే రాష్ట్రమని మనసుకు తట్టదు. పర్మిట్ ఏ ప్రాంతానికి ఇచ్చారో కాగితం మీద చూసి, ట్రయల్ ఆ హద్దులోనే ముగించండి.

3. చల్లటి ఇంజన్

వెళ్లగానే నమస్కారం పెట్టి, వెనుక డోరు తెరిపించి, ఇంజన్ మీద అరచెయ్యి పెట్టండి. రాత్రంతా ఆగిన ఇంజన్ పొద్దున చెయ్యి పెడితే రాయిలా చల్లగా ఉంటుంది. గోరువెచ్చగా ఉన్నా ఎవరో స్టార్ట్ చేశారని అర్థం. గొడవ పడనవసరం లేదు. "మళ్లీ రేపు వస్తాం" అని చెప్పి వచ్చేయండి. రెండోసారి కూడా వెచ్చగానే ఉంటే ఇక వెళ్లకండి.

చల్లగా ఉంటే స్టార్ట్ చేయకముందే ఆయిల్ గేజి తీసి గుడ్డతో తుడిచి చూడండి. నల్లగా ఉండటం డీజిల్ ఇంజన్‌లో మామూలే. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే నీరు చేరింది. వేళ్ల మధ్య రాసినప్పుడు ఇసుకలా తగిలినా, వెలుతురులో మెరిసే పొడి కనిపించినా లోపల లోహం అరుగుతోంది. అప్పుడే కొత్త ఆయిల్ పోసి ఉంటే "ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు" అని అడగండి. అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు స్టార్ట్ చేయమనండి. మీరు సైలెన్సర్ వైపు నిలబడండి.

- నీలం పొగ: ఇంజన్ ఆయిల్ కాలుతోంది. రింగులు, బోరు, వాల్వు సీళ్లలో ఏదో ఒకటి.
- నల్ల పొగ: ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం నుంచి డీజిల్ నాజిల్ పాడవడం దాకా ఏదైనా కావచ్చు.
- తెల్ల పొగ: చలి పొద్దున ఒకటి రెండు నిమిషాలు వస్తే భయం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకపోతే లోపమే.

ఎన్నిసార్లు ప్రయత్నిస్తే అందుకుందో లెక్కపెట్టండి. బ్యాటరీ బలహీనమైతే స్టార్టర్ నీరసంగా తిరుగుతుంది. స్టార్టర్ చురుగ్గా తిరిగినా ఇంజన్ అందుకోకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఇంజన్ లోపల గాలిని నొక్కే బలం (కంప్రెషన్) తగ్గిందేమో చూడాలి.

4. నిలబెట్టి చూడవలసినవి

వెలుతురు బాగా రానివ్వండి. నీడలో తుప్పు కనిపించదు.

టైర్లు బండి చరిత్ర చెబుతాయి. ముందు టైరు ఒక పక్క మాత్రమే అరిగితే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగిందని గానీ, బండి చట్రం (చాసిస్) దెబ్బతిందని గానీ అనుమానించాలి. వెనుక రెండు టైర్లలో ఒకటి ఎక్కువ అరిగితే ఆ పక్క బ్రేకు పట్టేసి ఉంటుంది, లేదా బండి వంకరగా నడుస్తోంది. మూడింటికీ గాలి గేజితో చూసి సరిచేయించాకే రోడ్డెక్కండి. గాలి తేడా ఉన్న బండి ఒక పక్కకు లాగితే తప్పు బ్రేకుదా టైరుదా తేలదు.

ముందు భాగాన్ని జాకీతో లేపి, చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి. "టక్" అంటే బేరింగులో గానీ ఫోర్కులో గానీ ఆట ఉంది. హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పండి. మధ్యలో గాడిలో పడినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి.

తర్వాత టార్చి పట్టుకుని బండి కిందికి వంగండి. ఫ్లోరు మ్యాట్ ఎత్తి చూడండి. ఫోర్కు చాసిస్‌కు కలిసే చోట, వెనుక చక్రాల ఆర్మ్‌లు బిగించిన చోట కొత్త వెల్డింగ్ గుర్తులుంటే, వాటి మీద తాజా రంగు పూసి ఉంటే, ఆ బండి ఎప్పుడో గట్టిగా దెబ్బ తింది. ఇంజన్ లోపానికి మరమ్మతు ఉంది. చాసిస్ పగిలిన బండిని నేనైతే ఏ ధరకూ తీసుకోను.

వెనుక చక్రాలకు వెళ్లే షాఫ్టుల మీద రబ్బరు బూట్లు చిరిగాయేమో చూడండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. లైట్లు, హారన్, ఇండికేటర్లు, వైపరు ఒక్కొక్కటీ వేయించండి.

చివరగా చాసిస్ నంబరు. దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు వస్తుంది. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఉన్నదానితో ఒక్కొక్క అక్షరం పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆగిపోండి.

5. మొదట అమ్మేవారే నడపాలి

మొదటి రెండు కిలోమీటర్లు వారే నడపాలి, మీరు వెనుక కూర్చోవాలి. వారి చేతులూ కాళ్లూ గమనించండి. బండి లోపం యజమాని అలవాటులో దాగి ఉంటుంది. బ్రేకు పెడల్‌ను రెండుసార్లు కొట్టి మూడోసారి నొక్కుతున్నారా? రెండో గేరు పడటానికి ఎడమ చేతిని ఒకసారి వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తెస్తున్నారా? ఎత్తు కనిపించగానే మరీ ముందుగా గేరు తగ్గిస్తున్నారా? తిన్నగా ఉన్న రోడ్డు మీద హ్యాండిల్ కొంచెం వంకరగా పట్టుకుంటున్నారా?

వారు దాచాలని చేయరు. ఏళ్ల తరబడి ఆ బండితో సర్దుకుపోయి, అది లోపమన్న సంగతే మరిచిపోయి ఉంటారు.

6. బైకు అలవాటున్నవారు హ్యాండిల్ పట్టే ముందు

దీని గురించి కొంచెం ఎక్కువగా రాస్తున్నాను. ట్రయల్‌లో జరిగే ప్రమాదాల మూలం ఇక్కడే ఉంది. హ్యాండిల్ ఉంది, ఎడమ చేతిలో క్లచ్, కుడి చేతిలో యాక్సిలరేటర్. అందుకని బైకు నడిపేవారు "ఇదీ అంతే కదా" అనుకుంటారు. అంతే కాదు.

బైకు మలుపులో లోపలికి ఒరుగుతుంది. ఆటో ఒరగదు. మీరు శరీరాన్ని వంచినా బండి తిరగదు, హ్యాండిల్ తిప్పాల్సిందే. పైగా బరువు మలుపుకు బయటివైపు జరుగుతుంది. వేగంగా ఎడమకు తిప్పితే లోపలి వెనుక చక్రం నేల వదులుతుంది.

మూడు చక్రాలను గీతలతో కలిపితే త్రిభుజం వస్తుంది. బరువు ఆ త్రిభుజం లోపల ఉన్నంతసేపే బండి నిలుస్తుంది. మలుపు తిరుగుతూ గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకూ పక్కకూ ఒకేసారి జరుగుతుంది. ఆ మూలన కారుకు చక్రం ఉంటుంది, ఆటోకు లేదు. అందుకే బ్రేకు మలుపుకు ముందు, తిన్నగా ఉండగానే వేయాలి. వేగం తగ్గాక తిప్పాలి.

ఇక కాలు సంగతి. బైకు ఆగేటప్పుడు కాలు నేల మీద పెట్టడం మన ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. మా బంధువుల కుర్రవాడు మొదటిసారి ఆటో నడుపుతూ, మలుపులో బండి కొంచెం ఊగగానే ఎడమ కాలు బయట పెట్టాడు. పక్కన ఉన్న నేను మోకాలు పట్టి లోపలికి లాగాను. చెప్పు అప్పటికే వెనుక చక్రం కిందికి పోయింది. తీసి చూస్తే దాని పట్టీ తెగి, మడమ దగ్గర టైరు అచ్చు పడి ఉంది. కాలు ఎప్పుడూ లోపలే ఉండాలి. ఆటో నిలబడటానికి మీ కాలి సాయం అక్కర్లేదు.

గుంతల సంగతి కూడా వేరు. కారు గుంతను రెండు చక్రాల మధ్య దాటిస్తుంది, బైకు పక్కనుంచి పోతుంది. ఆటోలో పక్క చక్రాలను తప్పిస్తే ముందు చక్రం పడుతుంది, ముందు చక్రాన్ని తప్పిస్తే వెనుకది పడుతుంది. పడక తప్పని గుంతలో నెమ్మదిగా పడనివ్వండి. చివరి క్షణంలో హ్యాండిల్ విదిలించకండి.

కాబట్టి రోడ్డెక్కే ముందు ఖాళీ మైదానంలో పది నిమిషాలు:

- నడక వేగంలో ఎనిమిది అంకె ఆకారంలో ఐదు చుట్లు
- తిన్నగా వెళ్తూ పదిసార్లు మెత్తగా ఆపడం
- రెండు రాళ్లు పెట్టి వాటి మధ్య నుంచి పోవడం, బండి వెనుక వెడల్పు ఎంతో చేతికి అలవాటయ్యేదాకా
- బండి పూర్తిగా ఆగాకే రివర్స్ వేసి, ఇరవై అడుగులు వెనక్కి

7. చదును రోడ్డు మీద, ఖాళీగా

ఇప్పుడు మీరు నడపండి, యజమానో మీ మెకానికో వెనుక కూర్చుంటారు. ఫోను ఆపేయండి. మ్యూజిక్ సిస్టమ్ ఉంటే అదీ ఆపించండి. చెవితో చేసే పరీక్షలు చాలా ఉన్నాయి.

గేర్లు. ప్రతి గేరులో కాసేపు నడపండి. వేగం పెంచాక ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదలండి. గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి జారిపోతే గేరుబాక్సు విప్పవలసిందే. గేరు పడటం కష్టమైతే వెంటనే గేరుబాక్సును తప్పుపట్టకండి. కేబుల్ సాగినా, క్లచ్ సరిగా విడవకపోయినా అలాగే ఉంటుంది. అవి చిన్న పనులు.

క్లచ్. మూడో గేరులో నెమ్మదిగా పోతూ ఒకేసారి యాక్సిలరేటర్ ఇవ్వండి. మోత పెరిగినంత వెంటనే వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి.

హ్యాండిల్. గంటకు 30 కిలోమీటర్ల దగ్గర పట్టు కొంచెం సడలించండి, వదిలేయకండి. వణుకు వస్తే ముందు చక్రం బేరింగు, ఫోర్కు, టైరు గాలి మూడూ చూడాలి.

బ్రేకు. వెనుక ఎవరూ రావడం లేదని చూసుకుని, 25 వేగంలో మొదట మెత్తగా, రెండోసారి గట్టిగా. బండి ఒక పక్కకు లాగితే అటు పక్క బ్రేకు ఎక్కువ పడుతోంది, లేదా ఇటు పక్కది పట్టడం లేదు. తర్వాత బండి ఆపి పెడల్ గట్టిగా నొక్కి అరనిమిషం అలాగే ఉంచండి. పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల గానీ బయట ఎక్కడైనా గానీ లీకు ఉంది. దాన్ని సరిచేయించకుండా తర్వాతి మెట్టుకు, అంటే ఎత్తు మీదికి, వెళ్లకూడదు.

షాఫ్టులు. హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా తిరగండి, తర్వాత రెండో పక్కకు. వెనుక నుంచి టకటకమని శబ్దం వస్తే షాఫ్టు జాయింట్లు అరిగాయి. వేగంతోపాటు పెరిగే సన్నటి ఊళ లాంటి మోత వస్తే వెనుక రెండు చక్రాలకు ఇంజన్ బలాన్ని పంచే డిఫరెన్షియల్ మీద అనుమానం పెట్టుకోండి.

8. బరువుతో ఎత్తు ఎక్కించడం

ఆటో బతుకంతా బరువు మీదే. ఖాళీ బండి ఎంత చలాకీగా పరుగెత్తినా దాన్ని బట్టి ధర కట్టకూడదు. వెనుక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చోవాలి. మీవాళ్లు ఇద్దరు, యజమాని ఒకరు. అంతకు మించి ఎక్కించకండి. "మనం పదిమందిని ఎక్కించేవాళ్లం" అని చెప్పేవారి బండిలో చాసిస్‌ను రెండోసారి చూడండి.

పర్లాకిమిడిలో ఉన్నవారికి ఆర్. ఉదయగిరి వైపు కొండదారి ఉంది. కోరాపుట్ వైపు వారికి సుంకి ఘాట్ అందరికీ తెలిసినదే, కానీ అక్కడ లారీల రద్దీ ఎక్కువ. మొదటి ట్రయల్‌కు అది వద్దు. రెండు మూడు వందల మీటర్ల పొడవున ఎత్తు ఉండి, రద్దీ లేని దారి ఏదైనా చాలు.

ఇదీ వరుస:

1. ఎత్తు మొదలుకాక ముందే రెండో గేరులోకి రండి. ఒకే యాక్సిలరేటర్ మీద ఎక్కనివ్వండి. మోతలో ఒడిదుడుకులు ఉండకూడదు.
2. ఎత్తు మధ్యలో, వెనుక వచ్చేవారికి కనిపించేచోట, ఎడమ అంచున ఆపండి. పార్కింగ్ బ్రేకు వేసి కాలి బ్రేకు మెల్లగా వదలండి. బండి జారకూడదు. మీ మనిషి ఒకరు దిగి వెనుక చక్రం దగ్గర రాయి పట్టుకుని సిద్ధంగా ఉండాలి.
3. అతను ఎక్కాక మొదటి గేరులో కదిలించండి. క్లచ్ వదిలేకొద్దీ బండి ఒళ్లు విరుచుకున్నట్టు ముందుకు రావాలి. మోత పెరిగి, కదలిక రాకుండా, కాలిన వాసన వస్తే పరీక్ష అక్కడితో ఆపండి. ఇంకా రెండుసార్లు ప్రయత్నిస్తే మిగిలిన ప్లేట్లు కూడా పోతాయి, ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.
4. పైకి చేరాక ఐదు నిమిషాలు నిలిపి పొగ చూడండి. బరువు మీద వచ్చిన పొగే బండి అసలు పొగ.
5. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. న్యూట్రల్ చేసి జారవిడవడం, ఇంజన్ ఆపేసి దిగడం మన కొండదారుల్లో చాలామందికి ఉన్న చెడ్డ అలవాటు. డీజిల్ మిగిలేది కొంచెమే, బ్రేకులు వేడెక్కి పట్టు తప్పితే మిగిలేది ఏమీ ఉండదు.
6. కిందికి వచ్చాక మూడు చక్రాల దగ్గరా అరచెయ్యి చూపండి, తాకకండి. ఒకటి మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే ఆ బ్రేకు వదలడం లేదు.

వెనుక కూర్చున్నవారికీ పని ఉంది. పెద్ద గుంతలో బండి అడుగు తగిలిందా, ఎడమ పక్కకు కుంగిందా, సీటు కింద శబ్దం ఏ వైపు నుంచి వచ్చింది అన్నవి వారికే తెలుస్తాయి. తిరిగి వచ్చాక అందరూ ఒకేసారి మాట్లాడకుండా, ఒక్కొక్కరినీ విడిగా అడగండి.

9. తిరిగి వచ్చాక

ఇంజన్ ఆపకుండా ఆయిల్ మూత జాగ్రత్తగా వదులు చేయండి. అక్కడ నుంచి పొగ ఉఫ్ ఉఫ్ అని కొడుతుంటే రింగులు పట్టడం లేదు. చదును రోడ్డు మీద దొరకని లోపం ఇక్కడ దొరుకుతుంది.

ఇంజన్ ఆపి, కింద అట్టముక్క పరచండి. పదిహేను నిమిషాలు టీ తాగండి. తర్వాత అట్ట మీద చుక్కలు చూడండి: నల్లటి జిడ్డు ఇంజన్ ఆయిల్, చిక్కగా ఘాటు వాసన వచ్చేది గేరు ఆయిల్. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. ఒకటి రెండు చుక్కలతో కంగారు పడనవసరం లేదు, అట్ట మీద మరక అరచెయ్యంత పెరిగితే లెక్కలోకి తీసుకోవాలి.

వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుని, వేడి మీద మొండికేసే బండ్లు ఉన్నాయి. స్టాండులో పదిసార్లు ఆపి స్టార్ట్ చేసేవారికి అది నరకం.

సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ మీద పరీక్ష తేదీ చూడండి. మూడేళ్లకోసారి చేయించాలి. బ్యాటరీ ఆటో అయితే పై పరీక్షల్లో ఇంజన్‌వి వదిలేసి, పూర్తి ఛార్జింగ్‌తో మొదలుపెట్టి, ముగ్గురితో ఎత్తు ఎక్కించి, ఎన్ని కిలోమీటర్లకు ఛార్జి ఎంత తగ్గిందో రాసుకోండి. ఎత్తు మీద మీటరు ఒక్కసారిగా పడిపోయి చదును మీద మళ్లీ పైకి వస్తే బ్యాటరీ ముసలిదైంది.

10. కనిపించిన లోపంతో ఏం చేయాలి

కొనవచ్చు, ఖర్చు ధరలోంచి తగ్గించుకుని: క్లచ్ ప్లేట్లు, కేబుళ్లు, బ్రేకు షూలు, టైర్లు, బ్యాటరీ, చక్రాల బేరింగులు, నల్ల పొగ.

మెకానిక్ చేత విడిభాగాల లెక్క కాగితం మీద రాయించాకే ఆలోచించవలసినవి: నీలం పొగ, గేరు జారడం, డిఫరెన్షియల్ మోత.

వదిలేయవలసినవి: చాసిస్ పగుళ్లు, నంబరు తేడా, బండి మీద తీరని ఫైనాన్స్ అప్పు, పెరిగిపోయిన పన్ను బకాయి.

ఎక్కువమంది చేసే తప్పు, ట్రయల్ సగంలో ఉండగానే బేరం మొదలుపెట్టడం. అప్పటినుంచి యజమాని మాట మీద ధ్యాస ఉంటుంది, ఇంజన్ మాట వినిపించదు. లోపాలన్నీ కాగితం మీద రాసుకుని, చివర ఒకేసారి మాట్లాడండి. వానలో ట్రయల్ వేయడం కూడా తప్పే. తడిలో బ్రేకు తేడా తెలియదు, లీకు కనిపించదు.

11. మీరు అమ్మేవారైతే

బండి కడగండి, కానీ ఇంజన్ కింద జిడ్డును డీజిల్‌తో మెరిసేలా కడగకండి. తెలిసినవారికి అది అనుమానమే పెంచుతుంది. మీకు తెలిసిన లోపాలు మీరే ముందు చెప్పండి. చెప్పిన లోపానికి తగ్గే ధరకంటే, దొరికిన లోపానికి తగ్గే ధర ఎప్పుడూ ఎక్కువ.

- వచ్చినవారి లైసెన్సు చూసి ఫోనులో ఫోటో తీసుకోండి
- బీమా, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాల నకళ్లు బండిలో ఉంచండి
- పదిహేను ఇరవై కిలోమీటర్లకు సరిపడా ఇంధనం పోయించండి
- తాళం చేతికిచ్చి ఒంటరిగా పంపకండి, మీరు గానీ మీ మనిషి గానీ బండిలో ఉండాలి
- మొదట మైదానంలో నడిపించండి, తడబడితే "నేను నడుపుతాను, మీరు చూడండి" అని మర్యాదగా హ్యాండిల్ తీసుకోండి

12. ట్రయల్ నచ్చాక కాగితాలు

పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. ఫైనాన్స్ తీరిపోతే ఫారం 35 మీద ఫైనాన్స్ వారి సంతకం, ఆర్‌సీలో దాని తొలగింపు. గడువులు చట్టంలోనే ఉన్నాయి: ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, వేరే రాష్ట్రానికి అయితే 45 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి.

పాతపట్నం వారు పర్లాకిమిడి బండి కొన్నా, పార్వతీపురం వారు రాయగడ బండి కొన్నా ఫారం 28 మీద ఎన్ఓసీ (పాత రాష్ట్రం ఇచ్చే నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి. తర్వాత తమ రాష్ట్రంలో పన్ను కట్టి కొత్త నంబరు తెచ్చుకోవాలి. పాత పర్మిట్ బండితోపాటు దానంతట అది రాదు. ఆ ఖర్చులు, ఆ రోజుల్లో పోయే బాడుగ కలుపుకుని ధర లెక్కకట్టండి. నది అవతల బండి చవకగా దొరికిందని సంబరపడినవారు ఈ లెక్క దగ్గరే ఆగిపోతారు.

పేరు మారేదాకా ప్రమాదం జరిగితే బాధ్యత ఆర్‌సీలో పేరున్నవారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుకని బండి అప్పగించేటప్పుడు తెల్ల కాగితం మీద తేదీ మాత్రమే కాదు, గంట, నిమిషం, ఆ క్షణాన మీటరు చూపిన కిలోమీటర్లు కూడా రాసి, ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేయండి. ఒకరికి తెలుగు, ఒకరికి ఒడియా మాత్రమే వస్తే రెండు భాషల్లోనూ రాయించి, చదివి వినిపించాకే సంతకం పెట్టించండి.